జపాన్ నవలలో 'లోకం' ఎవరు?

జపాన్ నవలల గురించి రాసేటప్పుడు కొన్ని మాటలు అరిగిపోయేదాకా వాడుతున్నాం. పాత్ర నోరు విప్పకపోతే 'తతెమాయే' (నలుగురికీ చూపే పైముఖం), పూలు రాలితే 'మోనో నో అవారే' (ఏదీ నిలవదన్న మెత్తని దిగులు), ఎవరైనా మాటకు కట్టుబడితే 'గిరి' (తీర్చాల్సిన బాధ్యత). అమెరికన్ మానవశాస్త్రవేత్త రూత్ బెనెడిక్ట్ జపాన్‌లో అడుగు పెట్టకుండానే ఆ సమాజం గురించి రాసిన పుస్తకం 1946లో వచ్చింది. ఈ అలవాటుకు కొంత బలం అక్కడి నుంచీ అందింది. చిక్కేమిటంటే, మంచి నవలలు ఈ భావనలకు ఉదాహరణలుగా ఉండవు, వాటితో పేచీ పెట్టుకుంటాయి.

నత్సుమే సోసెకి 'కొకొరో' (1914) చూడండి. మేజీ చక్రవర్తి అంత్యక్రియల రోజున, 1912లో, జనరల్ నోగి ప్రభుభక్తితో ప్రాణం తీసుకున్నాడు. ఆ వార్త చదివాక నవలలోని సెన్సెయి తానూ చనిపోవాలని నిశ్చయించుకుంటాడు. దీన్ని ప్రభుభక్తి ఖాతాలో వేసేస్తే పని సులువే. కానీ నోగి ఎందుకు చనిపోయాడో తనకే సరిగా అర్థం కాలేదని సెన్సెయి తన ఉత్తరంలో ఒప్పుకుంటాడు. సెన్సెయిని ఏళ్ల తరబడి తినేసింది స్నేహితుడికి చేసిన ద్రోహం.

నా మటుకు నాకు వీటన్నిటికంటే 'సెకెన్', అంటే 'లోకం' అన్న మాట, ఎక్కువ పనికొచ్చింది. మన 'నలుగురు ఏమనుకుంటారు'లోని ఆ నలుగురే. ఒసాము దజాయి 'నింగెన్ షిక్కాకు' (1948)లో హొరికి అనే మిత్రుడు కథానాయకుడు యోజోని మందలిస్తూ, ఇక లోకం ఊరుకోదంటాడు. 'లోకమంటే నువ్వేగా?' అన్న మాట యోజో నాలుక చివరిదాకా వస్తుంది. హొరికికి కోపం వస్తుందని మింగేస్తాడు. కానీ ఆ ఆలోచన వచ్చాక మునుపటికంటే కాస్త తన ఇష్టప్రకారం నడుచుకోగలుగుతాడు. సెకెన్ గురించి ఎన్ని వ్యాసాలు చదివినా ఇంత సూటిగా దొరకదు.

సయాకా మురాతాకి 2016లో అకుతగావా బహుమతి తెచ్చిన కన్వీనియన్స్ స్టోర్ నవలలోనూ ఆ నలుగురు ఉన్నారు. స్టోర్‌లో పనిచేసే, పెళ్లికాని ముప్పై ఆరేళ్ల కేయికో ఇంట్లో ఒక మగాడు ఉంటున్నాడని తెలియగానే అందరికీ పట్టలేని సంతోషం. అతను పనీపాటా లేని మనిషైనా సరే! సెకెన్‌తో వాళ్ల సంబరం అర్థమవుతుంది, కేయికో కాదు. ఆమెకు లోకమంటే భయం లేదు, కసీ లేదు. మామూలు మనిషిగా ఎలా ఉండాలో స్టోర్ మాన్యువల్ చెబుతోంది, ఆమెకు అది చాలు.