ఈగలకు సెలవుల్లేవు, ఫెలోషిప్‌కు తారీఖు లేదు

జెనెటిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తానని పిల్లలు అనగానే ఇంట్లో అడిగే మొదటి ప్రశ్న ఎన్నేళ్లు పడుతుందని. ఐదేళ్లని చెప్పేస్తారు. ల్యాబ్‌లో సీనియర్లను అడగండి, నవ్వి ఊరుకుంటారు.

డ్రోసోఫిలా ఈగలతో, అంటే పండ్ల మీద వాలే చిన్న ఈగలతో చేసే పనినే తీసుకోండి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు ఈగ కావడానికి దాదాపు పది రోజులు. క్రాస్ వేయాలంటే, అంటే ఎంచుకున్న మగ, ఆడ ఈగలను జతకట్టించాలంటే, మగ ఈగతో ఇంకా కలవని ఆడ ఈగలు కావాలి, ప్యూపా గూడు నుంచి బయటికొచ్చిన ఎనిమిది గంటల్లోపు వాటిని ఏరి వేరే సీసాలో పెట్టకపోతే ఆ క్రాస్‌ను నమ్మలేం. అందుకే పొద్దునా సాయంత్రం మత్తిచ్చిన ఈగలను మైక్రోస్కోపు కింద సన్నటి బ్రష్‌తో ఏరుతూ కూర్చోవాలి, సంక్రాంతి అయినా సరే. చుంచెలుకలతో పనిచేసేవాళ్ల పాట్లు ఇంకా ఎక్కువ. మూడు వారాల గర్భం, పిల్లలు ఈడుకొచ్చేసరికి మరో ఆరేడు వారాలు. రెండు జన్యువులు మార్చిన ఎలుక చేతికొచ్చేసరికే ఏడాది దాటిపోవచ్చు, అసలు ప్రయోగం అప్పుడు మొదలు.

మరి డబ్బు? 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) నెలకు 37 వేలు, సీనియర్ (ఎస్‌ఆర్‌ఎఫ్) అయ్యాక 42 వేలు, ఇంటద్దె భత్యం వేరే. కాగితం మీద బాగానే ఉంది, నెలనెలా పడితే కదా! నెలల తరబడి ఆగి ఒక్కసారిగా పడటం దేశంలో చాలా చోట్ల మామూలైపోయింది, ఈలోగా హాస్టల్ బిల్లుకు అప్పు చేసేది పాతికేళ్లు దాటిన మనిషి. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి ఆరేళ్ల గడువుంది, ఫెలోషిప్ మాత్రం ఐదేళ్లకే ఆగిపోతుంది. ఆ ఆరో ఏడు ఏం తిని థీసిస్ రాయాలో ఎవరూ చెప్పరు. పైనున్నవాళ్లకు ల్యాబ్ గురించి ఎంత తెలుసో 2024 బడ్జెట్ చూపించింది: ప్రయోగశాల రసాయనాల మీద కస్టమ్స్ సుంకాన్ని 10 శాతం నుంచి ఏకంగా 150కి పెంచి, శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టాక కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గారు.

కణ, అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, డీఎన్‌ఏ ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రం సీడీఎఫ్‌డీ, సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా జెనెటిక్స్ విభాగం... ఇన్నీ హైదరాబాద్‌లోనే ఉన్నాయని గొప్పగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. కానీ అక్కడ రాత్రీపగలూ పనిచేసేది స్కాలర్లే. ఉద్యోగి జీతం ఏ తారీఖున పడుతుందో వాళ్ల ఫెలోషిప్ కూడా ఆ తారీఖునే పడాలి, థీసిస్ దగ్గరపడినవాళ్లకు ఆరో ఏడు కూడా ఇవ్వాలి. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు.

ఈ ఏడాది చేరబోయేవాళ్లకు ఒక మాట. గైడ్ పేపర్లు చూసి మురిసిపోయే ముందు ఆ ల్యాబ్‌లో ఐదో ఏడాది స్కాలర్‌ని క్యాంటీన్‌లో పట్టుకోండి. చివరి ముగ్గురికి ఎన్నేళ్లు పట్టింది, మధ్యలో ఎవరైనా మానేశారా, డబ్బు ఆగినప్పుడు గైడ్ ఏం చేశారు, ఈ మూడూ అడగండి.