ఆ ప్లస్-మైనస్ బటన్ సంగతి ఎవరూ చెప్పరేం?

కొత్తగా కెమెరా కొన్న కుర్రాళ్లని పట్టుకుని "మాన్యువల్‌లో తీయకపోతే నువ్వు ఫోటోగ్రాఫర్‌వే కాదు" అని బెదరగొట్టే పెద్దమనుషులంటే నాకు ఎప్పటినుంచో ఒళ్లుమంట. ఇవాళ కక్కేస్తున్నాను. మొత్తం చదివే ఓపిక లేనివాళ్లకి ముందే చెప్పేస్తా: మోడ్ డయల్‌ని ‘ఏ’ మీద పెట్టండి, కానన్ అయితే ‘ఏవీ’ (అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరుచుకోవాలో మనం పెడితే, షట్టర్ స్పీడ్ కెమెరా చూసుకునే మోడ్). ఫోటోలో వెలుతురు పెంచడానికీ తగ్గించడానికీ ఉండే ప్లస్-మైనస్ గుర్తు బటన్ (ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ అంటారు) ఎక్కడుందో వెతుక్కోండి. కొన్నాళ్లు హాయిగా ఫోటోలు తీసుకోండి. అంతే.

ఓపిక ఉన్నవాళ్లు వినండి. మా బాబాయి కొడుకు ఈమధ్యే మొదటి కెమెరా కొన్నాడు. ఇంట్లోవాళ్లని బతిమాలుకుని, 18-55 కిట్ లెన్స్‌తో వచ్చే మామూలు కెమెరా. ఎవరో చెబితే ఒక ఆదివారం వర్క్‌షాప్‌కి వెళ్లాడు. అక్కడ మొదటి గంటలోనే అందరి డయల్సూ ‘ఎం’ మీదకి, అంటే అన్నీ మనమే పెట్టుకోవాల్సిన మాన్యువల్ మీదకి, తిప్పించి, ఇక దాన్ని ముట్టుకోవద్దన్నారట. ఆ తర్వాత మా ఇంట్లో పెళ్లి. జీలకర్ర-బెల్లం అయి తెర దించగానే పెళ్లికూతురు తలెత్తి చూసి ఫక్కున నవ్వింది, చుట్టూ ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా గోల, మావాడేమో తల వంచుకుని చక్రం తిప్పుకుంటున్నాడు. అపర్చర్ ఎంత, షట్టర్ ఎంతసేపు తెరవాలి, ఐఎస్‌వో (వెలుతురుకి సెన్సర్ స్పందించే తీరు) ఎంత... వాడు లెక్క తేల్చుకుని తలెత్తేసరికి పంతులుగారు తర్వాతి మంత్రంలోకి వెళ్లిపోయారు. వాడి మొహం చూస్తే జాలేసింది. తిట్టాల్సింది వాణ్ని కాదు, అలా నేర్పి పంపినవాళ్లని.

ఎందుకంత కోపం అంటారా? మాన్యువల్‌లో ఈ జనం చేసే పనేంటో ఒకసారి గమనించండి. వ్యూఫైండర్‌లో కింద ఒక గీత, మధ్యలో సున్నా. చక్రాలు తిప్పి తిప్పి ఆ సూచికని సున్నా మీదకి తెస్తారు, తెచ్చాక క్లిక్. ఆ సున్నా ఎవరు చెప్పారు? కెమెరా లోపల వెలుతురు కొలిచే మీటరు. ‘ఏ’ మోడ్‌లో కూడా షట్టర్ స్పీడ్ నిర్ణయించేది అదే మీటరు. అంటే కెమెరా రెప్పపాటులో చేసే పనిని చేత్తో అరనిమిషం చేసి, దానికి కళ అని పేరు పెట్టుకోవడం. ఇందులో నేర్చుకున్నది ఏముంది, మధ్యలో నవ్వు పోవడం తప్ప?

నేర్చుకోవాల్సింది మీటరు ఎక్కడ పొరబడుతుందో. అది ఎవరూ చెప్పరు. మీటరుకి ఎదురుగా ఉన్నది ఉప్పు కుప్పో గేదో తెలీదు. కొత్త కెమెరాలు ముఖాలు గుర్తుపట్టి కాస్త సర్దుకుంటున్నాయి కానీ మూల సూత్రం మారలేదు. ఫ్రేములో ఉన్నదంతా కలిపి సగటున ఒక మధ్యరకం బూడిద రంగు అని దాని నమ్మకం, పడ్డ వెలుతురులో సుమారు 18 శాతం వెనక్కి పంపే బూడిద. ఏది చూపించినా దాన్ని ఆ బూడిద వైపే లాగుతుంది.

చినగంజాం వైపు ఉప్పు మడులకి వెళ్లి చూడండి. పొద్దున తొమ్మిదికే కళ్లు చిట్లించాల్సినంత తెలుపు. ఫ్రేము నిండా ఉప్పు కుప్ప పెట్టి నొక్కితే స్క్రీన్ మీద వచ్చేది సిమెంటు రంగు. కెమెరా పాడైందనుకుంటారు కొత్తవాళ్లు. పాడవలేదు, "అమ్మో ఇంత వెలుతురా" అని భయపడి తగ్గించేసింది. ప్లస్-మైనస్ బటన్ నొక్కి ప్లస్ ఒకటో ఒకటిన్నరో చేయండి (ఒకటి అంటే ఒక స్టాపు, వెలుతురు రెట్టింపు), ఉప్పు ఉప్పులా వస్తుంది. సూర్యలంక బీచ్ ఇసుకలో మధ్యాహ్నం తీసినా, తాతయ్య తెల్ల పంచె ఫ్రేము నిండా ఉన్నా ఇదే కథ. గేదె దగ్గర కథ తిరగబడుతుంది. వేపచెట్టు నీడలో నల్లటి గేదెని దగ్గరగా తీస్తే ఒళ్లంతా బూడిద పూసుకున్నట్టు వస్తుంది. మైనస్ ఒకటి పెట్టండి, నలుపు నలుపులోకి వస్తుంది, వీపు మీద నీళ్లు ఆరిన మెరుపు కూడా కనిపిస్తుంది.

గుంటూరు మిర్చి యార్డు ఇంకా తమాషా. టిక్కీల్లోంచి (బస్తాల్లోంచి) ఒంపిన ఎండు మిరపకాయలు ఎండలో ఎర్రగా మండుతుంటాయి. ఫోటో చూస్తే మొత్తంగా వెలుతురు సరిగ్గానే ఉంటుంది, మామూలు హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎంత, వెలుతురు ఎంత అని ఎడమ నుంచి కుడికి చూపించే గ్రాఫు) కూడా బాగానే ఉందంటుంది, కానీ ఎరుపు మాత్రం ఒకే ముద్ద. కాయ మీద ముడతల్లేవు, తొడిమ ఎక్కడో తెలీదు. ఎరుపు ఛానెల్ ఒక్కటే గ్రాఫు కుడి గోడకి, అంటే కెమెరా పట్టగలిగే హద్దుకి గుద్దుకుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు రంగులకీ విడివిడిగా హిస్టోగ్రామ్ చూపించే ఆప్షన్ చాలా కెమెరాల్లో మెనూ అడుగున పడి ఉంటుంది, అది ఆన్ చేసుకుని, ఎరుపు గుట్ట కుడి గోడకి తగలనంత వరకూ మైనస్‌లోకి జరగండి. "రా ఫైల్ (కెమెరా తన వంట చేయకముందు సెన్సర్ ఇచ్చిన ముడి ఫైలు) తీస్తే తర్వాత సరిచేసుకోవచ్చు కదా" అంటారు కొందరు. నీడల్లో ఉన్నది చాలావరకు పైకి లాగొచ్చు, నిజమే. పూర్తిగా పోయిన మెరుపుని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఇక మన ముఖాలు. తెల్ల సున్నం గోడ ముందు చామనఛాయ మనిషిని నిలబెడితే మీటరు గోడని చూసి వెలుతురు తగ్గిస్తుంది, మనిషి ఇంకా నల్లబడతాడు. తర్వాత ఎడిటింగ్‌లో ఆ ముఖాన్ని తెల్లగా తోమేస్తారు, మన స్టూడియోల్లో ఇదొక జబ్బు. రంగు మార్చక్కర్లేదు మహానుభావా, ముప్పావు స్టాపు పెంచితే ఆ మనిషి తన రంగులోనే వెలుగుతాడు. చరిత్రలో కూడా ఈ పక్షపాతం ఉంది. కొడాక్ వాళ్లు దశాబ్దాల పాటు ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి పంపిన ‘షర్లీ కార్డు’ల మీద తెల్లజాతి అమ్మాయే ఉండేది. మన ఒంటి రంగు ఎవరి కొలతలోనూ లేదు. కాబట్టి ఆ బటన్ మనకి ఇంకాస్త ఎక్కువ అవసరం.

"పాతకాలంలో అందరూ మాన్యువలే కదా" అని ఒక వాదన. సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం కొలువులో పనిచేసిన రాజా దీన్ దయాళ్‌కి వేరే దారి లేదు కాబట్టి గాజు పలకల మీద తీశారు, ఆయనకి ఆటో ఇచ్చి ఉంటే వద్దనేవారని వీళ్లకెలా తెలుసో. 1976లో వచ్చిన కానన్ ఏఈ-1లోనే షట్టర్ మనం పెడితే అపర్చర్ కెమెరా చూసుకునేది. అంటే ఈ సౌకర్యం సెల్‌ఫోన్ పిల్లల బద్ధకం నుంచి పుట్టింది కాదు, రీలు చుట్టుకున్న తరానికే వచ్చింది.

మాన్యువల్ దండగ అని నేననడం లేదు. వెలుతురు మారని చోట, మీటరుని నమ్మలేని చోట అదే సుఖం. దీపావళి బాణసంచా, ట్రైపాడ్ మీద రాత్రి ఆకాశం, ఫ్లాష్ పెట్టుకుని తీసే ఫోటోలు, ఇవన్నీ మాన్యువల్ పనులే. ఫంక్షన్ హాల్ సంగతి వేరే చెప్పాలి: మన కరెంటు 50 హెర్ట్జ్, చౌకరకం ఎల్‌ఈడీలు సెకనుకి వందసార్లు మిణుకుతాయి, షట్టర్ 1/500 పెడితే ఫోటోలో అడ్డంగా నల్ల చారలు వస్తాయి. 1/100 పెడితే చాలావరకు పోతాయి. స్టేజీ మీద రంగులు మారే లైట్లుంటే మాత్రం ఈ కిటుకు కూడా అన్నిసార్లూ పనిచేయదు. ఇలాంటి చోట షట్టర్‌ని మనం పట్టుకోవాలి, ఒప్పుకుంటా. కానీ ఈ కారణం చెప్పి నేర్పించండి, "ప్రొఫెషనల్స్ అలాగే తీస్తారు" అని కాదు.

కిట్ లెన్స్‌ని తిట్టేవాళ్ల గురించి ఎక్కువ రాయను. 18 ఎంఎం దగ్గర ఎఫ్/3.5, 55 దగ్గర ఎఫ్/5.6 (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్స్ రంధ్రం చిన్నది), చీకట్లో ఇబ్బంది, అంతే. పగలు ఎఫ్/8లో అది తీసిన ఫోటో చూసి ఏ లెన్సో చెప్పమనండి, చూద్దాం. 50 ప్రైమ్ (జూమ్ లేని 50 ఎంఎం లెన్స్) కొనాల్సిందే అంటారు, చిన్న సెన్సర్ మీద అది 75, 80లా పనిచేస్తుందని, మన ఇరుకు హాల్లో నలుగురు పట్టాలంటే వీపు గోడకి ఆనుకుపోతుందని మాత్రం చెప్పరు.

ఇంకో గోల. ఎవరు మంచి ఫోటో పెట్టినా కింద "సెట్టింగ్స్ ప్లీజ్ అన్నా". ఎఫ్/8, 1/250, ఐఎస్‌వో 100 అని రాసిస్తే ఏం చేసుకుంటావు తమ్ముడూ? అది ఆ పూట, ఆ మబ్బు కింద పడ్డ వెలుతురు లెక్క. ఎన్నింటికి తీశారు, ఎండ ఎటునుంచి పడుతోంది, ఎంత దగ్గరగా నిలబడ్డారు అని అడుగు. నా ఫోటోల కింద అలా అడిగితే తీరిగ్గా కూర్చుని జవాబు రాస్తా. సెట్టింగ్స్ అడిగితే మాత్రం ఇకనుంచి ఈ పోస్టు లింకే ఇస్తాను.