మంచం ఇచ్చేముందు గుమ్మం చూడండి

కొత్త మంచం కొన్నాక పాత డబుల్ కాట్‌ని మా వాచ్‌మన్‌కి ఇచ్చేశాం. అతని గది మెట్ల కింద ఉంటుంది. భార్య, ఇద్దరు పిల్లలు, గ్యాస్ బండ, బియ్యం డబ్బా అన్నీ అందులోనే. కాట్ గుమ్మంలోనే ఇరుక్కుంది. విప్పబోతే స్క్రూలు బిగించిన చోట పార్టికల్ బోర్డు రవ్వలా రాలింది. మూడు నెలలు సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుంటూ ఉండిపోయింది. వద్దని ముందే చెప్పొచ్చు కదా అనుకున్నాం ఇంట్లో. నెలనెలా జీతం ఇచ్చేవాళ్లకి ఎలా చెబుతాడు?

ఒకప్పుడు విరిగిన కుర్చీ, పురుగు పట్టిన బల్ల భోగి మంటలోకి పోయేవి. ఇప్పటి ఫోమ్ సోఫాలు, లామినేట్ బోర్డులు మంటలో వేస్తే విషపు పొగ. పాత సామాన్లవాడు కూడా వాటిని ఓ పట్టాన ముట్టుకోడు. అలా ఎవరికీ అక్కర్లేనిది పేదవాడి గుమ్మం ముందుకొస్తోంది. దానికి మనం పెట్టుకున్న పేరు దానం.

2004 సునామీ తర్వాత తమిళనాడు తీరానికి లారీల కొద్దీ పాత బట్టలు వెళ్తే, చాలావరకు రోడ్ల పక్కనే గుట్టలుగా పడి ఉండిపోయాయి. వాటిని ఏరి, వేరుచేసి వాడకంలోకి తెచ్చిన సంస్థల్లో గూంజ్ ఒకటి. 1999లో దాన్ని మొదలుపెట్టిన అంశు గుప్తాకి 2015లో మెగసెసే అవార్డు వచ్చింది. ఊరివాళ్లు బావి తవ్వుకున్నా, బాట వేసుకున్నా, ఆ పనికి ప్రతిఫలంగా బట్టలూ సామానూ ఇవ్వడం గూంజ్ పద్ధతి. తీసుకునేవాడు తలవంచుకోనక్కర్లేదు. నా లెక్కలో అవార్డు కన్నా ఇదే పెద్దది.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు, గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి 25,000, పై అంతస్తులవాళ్లకి 10,000 రూపాయల సాయం ప్రకటించారు. డబ్బయితే స్టవ్ కావాలో పరుపు కావాలో ఆ ఇంటివాళ్లే తేల్చుకుంటారు. సామాను ఇచ్చినప్పుడు ఆ తేల్చేది మనం. పైగా వరద వచ్చిన వారంలో, గోడలింకా చెమ్మగా ఉండగా, పరుపు పంపితే ఎక్కడ వేసుకుంటారు? నెల తర్వాత పంపితే పనికొస్తుంది. అప్పటికి మన జాలి ఆరిపోయి ఉంటుంది.

ట్రాలీ ఆటో బాడుగ కూడా ఇచ్చేవాళ్లే పెట్టుకోవాలి. రోజుకూలి మీద బతికేవాడికి ఊరికే వచ్చిన బీరువా ఒకరోజు కూలి మింగేస్తుంది. కుక్కర్ ఇస్తే గ్యాస్కెట్, వెయిట్ చూసి ఇవ్వాలి. మిక్సీ ఇస్తే జార్‌తో ఇవ్వాలి. అన్నిటికన్నా ముందు, కావాలా అని అడగాలి. అదీ వద్దనడానికి వీలుండేలా.

చివరికి మా కాట్‌ని తూకానికి అమ్మేశాడు వాచ్‌మన్. సాయంత్రం పైకొచ్చి తలుపు కొట్టి, ‘సార్, ఆ డబ్బులు మీకివ్వాలా?’ అని అడిగాడు.