సవరణ: పిల్లల పాటల్లో వాన

పాత బాలల పత్రికల గేయాల మీద మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి.

చిన్నది ముందు. ‘బాల’, ‘చందమామ’ రెండూ స్వాతంత్ర్యం వచ్చిన ఏడే మొదలయ్యాయని రాశాను. కాదు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల ‘బాల’ 1945లోనే వచ్చింది. ‘చందమామ’ 1947 జులైలో. అంటే అదీ ఆగస్టు 15 కంటే ముందే!

రెండోదే అసలు తప్పు. ‘వానా వానా వల్లప్ప’ లాంటి పాటలు పత్రికల వాళ్లు పిల్లల సరదా కోసం కట్టినవన్నట్టు రాశాను. మా నల్లగొండ పెద్దమ్మ చదివించుకుని విని, "ఏందిరా, పత్రికలు రాకముందు మేము పాడలేదా?" అని గట్టిగానే అడిగింది. నిజమే, అది నోటి పాట. అచ్చులోకి తర్వాత ఎక్కింది.

సరదా అన్న మాట కూడా వెనక్కి తీసుకుంటున్నా. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వానలు మొహం చాటేస్తే పిల్లలు కప్పతల్లి ఆడేవారు. రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇద్దరు భుజాన మోస్తూ ఇంటింటికీ తిరుగుతారు. ఇంటావిడ కప్ప మీద బిందెడు నీళ్లు కుమ్మరించి, ఇంత గింజ పెడుతుంది. (కప్ప సంగతి ఎవరూ అడగరు, పాపం.) చెరువు ఎండితే తిండికి కష్టమయ్యే ఊళ్లలో పిల్లలు వానను పిలవడం ఆటే, మొక్కు కూడా. పాత పోస్టులో ఆ పేరా తీసేశాను.