లివర్‌కూ ఒక క్యాలెండర్ కావాలి

దాల్చినచెక్క లివర్‌కు చేటు అని వినగానే డబ్బా తీసి పారబోసేవాళ్లు కొందరు. తాతల నాటి నుంచీ తింటున్నాం, ఎవరికేమైందని మీసం మెలేసేవాళ్లు ఇంకొందరు. యూరప్ అధికారులు ఈ తగువును ఎప్పుడో తీర్చేసిన సంగతి పాపం ఇద్దరికీ తెలియదు.

నిందితుడి పేరు కౌమరిన్, దాల్చినచెక్కలో ఉండే రసాయనం. కోసిన గడ్డి ఆరుతుంటే వచ్చే కమ్మటి వాసన దీని చలవే. బజార్లో దాల్చినచెక్క పేరుతో ఎక్కువగా దొరికే కాసియాలో ఇది దండిగా ఉంటుంది, అసలు సిలోన్ రకంలో నామమాత్రం. చెక్కగా ఉన్నప్పుడు పోల్చుకోవడం తేలికే. కాసియా మందంగా, ఒంటి పొరతో, విరవబోతే వేళ్లు నొప్పెట్టేలా ఉంటుంది. సిలోన్‌ది పల్చటి పొరలు ఒకదాంట్లో ఒకటి దూరి పొగాకు చుట్టలా ఉంటుంది, నలిపితే పొడి అయిపోతుంది. పొడి కొట్టాక మాత్రం అంతా ఒకటే రంగు. పొడి అమ్మేవాళ్ల ఉత్సాహానికి దీనికీ సంబంధం ఉందని నేననను.

రోజూ జీవితాంతం తిన్నా ఫర్వాలేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ ఒప్పుకున్న మోతాదు, ఒంటి బరువు కిలోకు 0.1 మిల్లీగ్రాము కౌమరిన్. 60 కిలోల మనిషికి అది 6 మిల్లీగ్రాములు, దాదాపు 2 గ్రాముల కాసియా పొడిలో ఉండేంత, అంటే చెంచాడు కూడా కాదు. ఒక్క రోజు ఎక్కువైతే కొంప మునగదు. బరువు తగ్గుదామని పొద్దున్నే చెంచాల కొద్దీ మింగేవాళ్లకే చిక్కు. వాళ్లు ఒక్క కిలో తగ్గినా కోటాలోనూ ఆ మేరకు కోత పడుతుంది. సన్నబడే కొద్దీ సన్నబడే మందుకు అర్హత తగ్గడం ఎంత న్యాయం!

ఇక అసలు ఘనత. 2008 నాటి యూరప్ చట్టం ప్రకారం మామూలు బేకరీ తినుబండారాల్లో కౌమరిన్ కిలోకు 15 మిల్లీగ్రాములు మించకూడదు. పండుగలవీ సంప్రదాయానివీ అయితే 50 దాకా ఉండొచ్చు. అంటే లివర్‌కు తిథులు తెలుసు! పండుగ పూట అది కొత్త బట్టలు కట్టుకుని మూడింతల భారం మోస్తుంది, మర్నాడు పాత నీరసంలో పడుతుంది.

2013లో డెన్మార్క్ అధికారులు తమ దాల్చిన రొట్టెలు రోజువారీ తిండేనని, వాటికి 15 పరిమితేనని తేల్చారు. బేకరీవాళ్లు గగ్గోలు పెట్టారు. పక్కనున్న స్వీడన్ అలాంటి రొట్టెలనే సంప్రదాయం ఖాతాలో రాసుకుంది. కోపెన్‌హాగెన్‌లో బేజారెత్తిన లివర్ వంతెన దాటి స్వీడన్‌లోని మాల్మో చేరితే చాలు, పహిల్వాన్ అయిపోతుందన్నమాట. 2014లో డెన్మార్క్ కూడా మెత్తబడి ఆ రొట్టెకు సంప్రదాయ హోదా ఇచ్చింది. రొట్టె మారలేదు, పిండి మారలేదు. ఫైలు మారింది.

అమెరికాది ఇంకో దారి. 1954 నుంచి అక్కడ తిండిలో కౌమరిన్ విడిగా కలపడం నిషేధం. చెక్క తన ఒంట్లో పెట్టుకుని తెస్తే మాత్రం మసాలా దినుసు, రాచమర్యాద.

నాకున్నది ఒక్కటే టెన్షన్. పండుగ నాడు మిగిలిపోయిన రొట్టె మర్నాడు 15 కిందికి వస్తుందా, 50 కిందికి వస్తుందా? స్పష్టత వచ్చేదాకా రాత్రి పన్నెండు కొట్టేలోపే తినేయడం మంచిది.