శరణన్నాక కూడా సందేహం

మన అసోసియేషన్ పద్యాల పోటీల్లో పిల్లలు గజేంద్ర మోక్షంలోని 'ఎవ్వనిచే జనించు', 'లావొక్కింతయు లేదు', 'సిరికిం జెప్పడు' గడగడా అప్పజెబుతుంటే కడుపు నిండిపోతుంది. వీటి మధ్యలో వచ్చే పద్యాలు మాత్రం మనలో చాలామందికి నోటికి రావు. మనశ్శాంతికి దారి ఆ వదిలేసిన పద్యాల్లోనే ఉందని నా నమ్మకం.

పోయిన చలికాలం నాన్నగారు ఊళ్లో ఆసుపత్రిలో ఉన్నారు. అర్ధరాత్రి ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చునే ఆ టెన్షన్ మీకు చెప్పక్కర్లేదు. పారాయణ చేద్దామని పోతన భాగవతం ఎనిమిదో స్కంధం తీశాను. గబగబా చదివితే ఒక్క ముక్కా మనసుకి పట్టలేదు. మర్నాటి నుంచి రాత్రికి ఒకటే పద్యం అనుకున్నాను.

అప్పుడు కనిపించాడు మొసలి పట్టులో చిక్కిన ఏనుగు రాజు గజేంద్రుడు. జగమంతా ఎవరివల్ల పుట్టిందో ఆ ఈశ్వరుణ్ణి శరణు వేడతాడు. కాసేపటికే 'కలడు కలండనెడివాడు కలడో లేడో' అంటాడు. తమాయించుకుని 'నీవే తప్ప నితఃపరం బెరుగ' అని పూర్తిగా వాలిపోతాడు. అక్కడితో అయిపోవాలి కదా? వెంటనే ఒక కంద పద్యం వస్తుంది. జీవుల మాటలు వింటావట, వెళ్లరాని చోట్లకీ వెళతావట, శరణన్నవాళ్లకి 'ఓ' అని పలుకుతావట, అన్నీ చూస్తావట అని చెప్పి, 'సందేహమయ్యెఁ గరుణావార్ధీ' అంటాడు. శరణన్న నోటితోనే సందేహం! ఆ సందేహాన్ని కూడా దయాసముద్రమా అని పిలిచి ఆయనకే చెప్పుకుంటున్నాడు.

ఆ కందం దగ్గర మూడు రాత్రులు ఆగిపోయాను. నా భక్తి గట్టిది కాదు కాబట్టే మనసు కుదుటపడటం లేదని అప్పటిదాకా నన్ను నేనే తిట్టుకుంటూ ఉన్నాను. పోతనగారు ఆ తిట్టు మాన్పించారు. గజేంద్రుడి సందేహం తీరాకే వస్తానని విష్ణువు కూర్చోలేదు, లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా బయల్దేరాడు. ఊరి నుంచి ఏ కబురొస్తుందో తెలియకుండానే మూడో రాత్రి నాకు నిద్ర పట్టింది.

ఎన్ని పద్యాలు, ఎన్ని నిమిషాల్లో అనే లెక్క కొన్నాళ్లు పక్కన పెడదాం. వారానికి ఒక గంట, ఒక్క పద్యం, పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని అర్థం చెప్పుకుందాం. పోటీలో ఆ కందాన్నీ చేర్చమని కమిటీని కోరుతున్నాను. ఇంట్లో పదహారేళ్ల పిల్ల 'దేవుడు నిజంగా ఉన్నాడా నాన్నా?' అంటే మనం గద్దిస్తున్నాం. గజేంద్రుడూ అదే అడిగాడమ్మా అని పుస్తకం చేతికిచ్చి, పక్కన కూర్చోవచ్చు.