16 లక్షల పోపు

వనస్థలిపురంలో మా అపార్ట్‌మెంటుది ఐదంతస్తులు. మిద్దె మీద నాకు పదకొండు గ్రో బ్యాగులున్నాయి. పదింట్లో గోంగూర, వంగ, టమాటా, పాలకూర లాంటి బుద్ధిమంతులు పెరుగుతుంటాయి. ఈ గోడు అంతా పదకొండో సంచి గురించి.

నిరుడు మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి, నిద్ర పట్టక ఫోన్ తిప్పుతుంటే ఓ విత్తనాల ప్యాకెట్ కళ్లబడింది. దాని మీద పుర్రె, పుర్రె నోట్లోంచి మంటలు, ఆ మంటల మధ్య ఎర్రగా ముడతలు పడి, చివర తేలు కొండిలా తోక ఉన్న మిరపకాయ. ‘కరోలినా రీపర్. 22 లక్షల స్కోవిల్. గుండె ధైర్యం లేనివారు కొనవద్దు’ అని రాసుంది. నన్ను కొనమని బతిమాలినవాళ్లే గానీ, కొనొద్దని బెదిరించినవాళ్లు అంతవరకూ లేరు. వెంటనే కొనేశాను. పది గింజలు 450 రూపాయలు, అంటే గింజ 45. అదే వారం మా ఆవిడ ఎండుమిర్చి తుంచుతుంటే రాలిన గింజలు గుప్పెడు చీపురుతో ఊడ్చి డస్ట్‌బిన్‌లో పోసింది. నా లెక్కలో అది ఏడెనిమిది వేల సరుకు.

ప్యాకెట్ రావడానికి ఆరు రోజులు పట్టింది. ఆలోగా నేను కారం మీద పండితుణ్ణి అయిపోయాను. ఎవరు అడిగినా, అడక్కపోయినా చెప్పేవాణ్ణి. 1912లో విల్బర్ స్కోవిల్ అనే అమెరికా ఫార్మసిస్టు మిరపకాయ సారాన్ని పంచదార నీళ్లలో కలిపి, రుచి చూసేవాళ్ల నాలుకకి కారం తెలియకుండా పోయేదాకా నీళ్లు పోసుకుంటూ పోయాడు. ఎన్ని రెట్లు నీళ్లు పడితే అన్ని స్కోవిల్‌లు. చారులో కారం ఎక్కువైతే మా ఆవిడ చేసేదీ అదే పని, ఆయన లెక్క రాసి పెట్టుకున్నాడు, అంతే తేడా. ఇప్పుడు నాలుకలతో పని లేదు, యంత్రాలు కొలుస్తున్నాయి. ఆ లెక్కలో మన గుంటూరు సన్నం 35 నుంచి 40 వేలు. అస్సాం, నాగాలాండ్ వైపు పండే భూత్ జొలోకియా 10 లక్షలు దాటి 2007లో గిన్నిస్ కిరీటం పెట్టుకుంది.

అక్కడితో ఊరుకున్నారా? 2011లో ఒక్క ఏడాదిలోనే ఆ కిరీటం మూడు కాయల నెత్తి మారింది. 2013లో దక్షిణ కరోలినాకి చెందిన ఎడ్ కర్రీ అనే ఆయన తన రీపర్‌తో దాన్ని పట్టుకుపోయాడు. ఇంటిపేరే కర్రీ అయినవాడు మిరపకాయలు కాక ఇంకేం పండిస్తాడు? 2023లో ఆయనే పెప్పర్ ఎక్స్ అని 26,93,000 స్కోవిల్‌ల కాయని దించి తన రీపర్‌ని తనే ఓడించుకున్నాడు. దాని విత్తనాలు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఆయన ఇవ్వకపోతేనేం, నా ఫోన్‌లో పెప్పర్ ఎక్స్ విత్తనాలు 299కే వస్తున్నాయి, ఒక ప్యాకెట్ కొంటే ఇంకోటి ఫ్రీ.

ఇక ఆ పేర్లు. ఒకటి తేలు, ఒకటి నాగుపాము, ఒకటి డ్రాగన్ ఊపిరి, మాది సాక్షాత్తూ కొడవలి పట్టిన మృత్యువు. మన వరంగల్ రైతు తన కాయకి చపాటా అని పెట్టుకున్నాడు. వింటేనే పక్కన ముద్దపప్పు గుర్తొస్తుంది. అలాంటి పేరు పెట్టుకుంటే గింజ 45కి ఎవడు కొంటాడు?

ప్యాకెట్ మీది 22 లక్షల సంగతి కూడా అప్పుడే తెలిసింది. రీపర్‌కి గిన్నిస్ వాళ్లు రాసుకున్న సగటు 16,41,183. 22 లక్షలన్నది ఎప్పుడో ఏదో ఒక కాయలో కనబడ్డ అంకె. మా అబ్బాయి ఏడో తరగతిలో ఒకే ఒక్కసారి లెక్కల్లో 98 తెచ్చుకున్నాడు. వాడి ఇంజినీరింగ్ అయిపోయినా చుట్టాలకి మేం చెప్పేది ఆ 98 గురించే. కాబట్టి విత్తనాలవాణ్ణి తప్పు పట్టడానికి నోరు రాలేదు.

కొబ్బరి పీచు పొడిలో పది గింజలూ పెట్టాను. పది రోజులైంది, ఉలుకూ లేదు పలుకూ లేదు. ఇరవై రోజులైంది. మా ఆవిడ ఆ ట్రేలో కొత్తిమీర చల్లుతానంది. ఇరవై నాలుగో రోజున మూడు మొలకలు తలెత్తాయి. వాటిలో ఒకటి చీమల పాలైంది. ఒకదానికి ఆకుముడత వచ్చింది. వేపనూనె కొట్టాను, పుల్లమజ్జిగ కొట్టాను, చివరికి పీకేశాను. మిగిలిన ఒక్కటీ పదకొండో సంచిలోకి చేరింది.

అసలు తప్పు అక్కడ మొదలైంది, నాలోని వ్యాపారి నిద్ర లేచాడు. మొక్క జానెడు కూడా లేదు, దాని ఫొటో తీసి మా మిద్దెతోట గ్రూపులో ‘హైదరాబాద్‌కి మృత్యువు వచ్చింది’ అని పెట్టాను. రెండు వందల మెచ్చుకోళ్లు. నా గోంగూర ఆరేళ్లలో అన్ని తెచ్చుకోలేదు. సంచి ముందు పుర్రె బొమ్మతో ‘ముట్టుకోవద్దు, ప్రమాదం’ అని బోర్డు పాతాను. దాంతో వాచ్‌మన్ దానికి నీళ్లు పోయడం మానేశాడు. "పిల్లలు గలోణ్ని సార్, నాకొద్దు" అన్నాడు. పూత రాకముందే ఐదుగురు నారు కోసం తలా 200 అడ్వాన్స్ ఫోన్‌లో కొట్టారు. తీసుకున్నాను.

డిసెంబర్‌కి కాయలు పండాయి. అచ్చం ప్యాకెట్ మీది బొమ్మే: ముడతలు, బొడిపెలు, తోక. పొద్దున్నే ఫొటో తీద్దామని వెళ్లేసరికి ఒక పిగిలిపిట్ట కొమ్మ మీద కూర్చుని ప్రపంచాన్ని గడగడలాడించిన కాయని జామపండులా పొడుచుకు తింటోంది. తిని, ముక్కు కొమ్మకేసి తుడుచుకుని, రెండు పలుకులు పలికి, ఇంకో కాయ మొదలెట్టింది. నేను పక్కనే ఉండి చూశాను. కనీసం దగ్గలేదు.

మతిలేక ఆ వీడియో గ్రూపులో పెట్టాను. "అన్నా, పిట్ట తింటోందంటే అది క్యాప్సికమ్ అన్నా" అన్నారెవరో. పరువు సమస్యైంది. ఆదివారం అడ్వాన్స్ ఇచ్చిన ఐదుగుర్నీ మిద్దె మీదికి పిలిచాను. పక్కన పాలు, పెరుగు, ఐస్‌క్రీమ్, గ్లూకోజ్ ప్యాకెట్. పెద్ద ముత్తయిదువలా తాంబూలం పళ్లెంలో కాయ. చేతులకి గ్లవుజులు తొడుక్కుని, కత్తెరతో దాని తోక చివర గోరంత ముక్క కత్తిరించి నోట్లో వేసుకున్నాను. ఐదు ఫోన్లు నా మొహం మీదే.

కారంగానే ఉంది. మా అత్తగారి గోంగూర పచ్చడంత కారంగా ఉంది. అంటే మేం రోజూ రెండుపూటలా తినేంత. కళ్లనీళ్లు వస్తాయేమో అని రెప్పలార్చి చూశాను, రాలేదు. ఒకాయన తనూ తోక ముక్క నమిలి, "గింతేనా అన్నా?" అన్నాడు. ఆ రెండు ముక్కలతో నా మార్కెటింగ్ మొత్తం కుప్పకూలింది. ఐస్‌క్రీమ్ మాత్రం అందరూ తిన్నారు. సాయంత్రానికి వెయ్యి రూపాయలూ వెనక్కి కొట్టాను. పుర్రె బోర్డు పీకి తులసికోట వెనక పడేశాను.

ఫిబ్రవరిలో మా అత్తగారు కొత్త మిర్చి మూటతో దిగారు. ఖమ్మం దగ్గర పల్లె వాళ్లది, ఆవిడ పుట్టిందీ మెట్టిందీ మిర్చి కల్లాల మధ్యే. ఎండుమిరపకాయ చెవి దగ్గర ఆడించి, లోపల గింజల గలగలని బట్టి ఎండిందో లేదో చెప్పేస్తారు. మిద్దె మీద తన మిర్చి ఆరబోయడానికి వెళ్లి, ఆ మొక్కకి మిగిలిన పండు కాయలు ఎనిమిది కోసుకొచ్చి, తన తేజ మిర్చి పక్కనే ఎండబెట్టారు. నాలుగు రోజుల తర్వాత ఒకటి చెవి దగ్గర ఆడిస్తూ అడిగారు.

"ఈ వంకర కాయలేంటి అల్లుడుగారూ?"

"డూప్లికేట్ మిర్చి అత్తయ్యా. కారం ఉండదు. పడేయండి."

"ఎర్రగా ఉన్నాయి, పడెయ్యడమెందుకు. చారు పోపులోకి పనికొస్తాయిలే."

ఆదివారం పదకొండున్నర. నేను హాల్లో పేపర్ చదువుతున్నాను. వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి. జీలకర్ర వేగిన కమ్మటి వాసన, వెనకే వెల్లుల్లి. ఆవిడ నాలుగు కాయలు తీసుకుని, తొడిమలు గిల్లి, నిలువునా తుంచి బాణలిలో వేశారు. కారం లేదన్నాను కదా, అందుకని నాలుగు.

ముందు మా ఆవిడ తుమ్మింది. నేను "చిరంజీవ" అనబోయాను, చి దగ్గరే గొంతు పట్టుకుంది. దాన్ని దగ్గు అనకూడదు. ఊపిరితిత్తుల్ని ఎవరో తిరగేసి దులుపుతున్నట్టుంది. పొగ కనబడటం లేదు, కానీ ముక్కు, గొంతు, కళ్లు మూడూ ఒకేసారి మంట పెట్టాయి. ఆ స్థితిలో ఇంటి పెద్దగా నాకు తట్టిన గొప్ప ఆలోచన ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయడం. మా ఫ్యాన్ గాలి బయటికి పోదు, డక్టులోకి పోతుంది. అదే డక్టులోకి ఐదంతస్తుల వంటిళ్ల కిటికీలూ తెరుచుకుంటాయి.

ఒక్కో అంతస్తూ హాజరు పలికినట్టు దగ్గడం మొదలెట్టింది. అత్తగారు కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, ఏమాత్రం కంగారుపడకుండా ఆ పోపుని చారులో వేసి మూత పెట్టారు. అంతటితో ఆగిపోయేదే. బాణలి చూస్తుంటే నాకు భయమేసి, పట్టుకారుతో పట్టుకెళ్లి సింకులో కుళాయి తిప్పాను. కాగిన బాణలి మీద చన్నీళ్లు పడితే ఆవిరి లేస్తుందని ఐదో తరగతి పిల్లాడికి కూడా తెలుసు. సుయ్‌మని లేచింది. రెండో విడత.

మెట్ల మీద జనం. వాచ్‌మన్ మొహానికి తువ్వాలు కట్టుకుని పైకి వచ్చాడు. "ఎవలింట్ల దిష్టి తీసిన్రు సార్? గింత ఘాటొచ్చిందంటే ఎవలికీ దిష్టి లేనట్టే" అన్నాడు. 301లో ఉండే రిటైర్డ్ హెడ్మాస్టారు గ్యాస్ లీకేమోనని మెయిన్ ఆపించారు. అన్నిటికన్నా ఘోరం 402లో జరిగింది. ఆ ఉదయమే వాళ్లమ్మాయికి పెళ్లిచూపులు. కాఫీ ట్రే పట్టుకుని వంటింట్లోంచి వచ్చిన పిల్ల కళ్లవెంట నీళ్లు ధారలు కడుతున్నాయట. అబ్బాయి తల్లి, "ఇష్టం లేకపోతే బలవంతం ఎందుకమ్మా" అని ఓదార్చబోయి తనూ ఏడవడం మొదలెట్టిందట. చివరికి రెండు కుటుంబాలూ కింద పార్కింగ్‌లో నిలబడి మాట్లాడుకున్నాయి.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను చారు ఒక్క చెంచా తిని మూడు గ్లాసుల నీళ్లు తాగాను. మంట నోరంతా తిరిగింది. అత్తగారు పెరుగు గిన్నె ఇటు జరిపారు. కారాన్ని నీళ్లు కడగలేవని, పాలలోని మాంసకృత్తులే పట్టి లాక్కుపోతాయని నేను ఎప్పుడో చదివి గ్రూపులో రాసినవాణ్ణే. అవసరానికి గుర్తురాలేదు. ఆవిడ అదే చారుతో రెండు ముద్దలు తిని, ముక్కు తుడుచుకుని, "కారముంది. కమ్మదనం లేదు" అని గిన్నె పక్కన పెట్టేశారు. గిన్నిస్ వాళ్లు ఆ రెండోదాన్ని కొలిచినట్టు ఎక్కడా చదవలేదు.

ఆ రాత్రి కూర్చుని నా పాండిత్యంలో ఉన్న చిల్లులు వెతుక్కున్నాను. పిట్టలకి మిరప మంట తెలియదు. మనకి నిప్పు తగిలితే మోగాల్సిన గంటని మిరపలో కారం పుట్టించే క్యాప్సైసిన్ ఊరికే మోగిస్తుంది, ఆ గంటని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ కూడా ఇచ్చారు. పిట్టలకి ఆ గంట దీనికి మోగదు, కాబట్టి హాయిగా తిని గింజల్ని నాలుగు ఊళ్లు చల్లుతాయి. ఇక కాయలో కారం ముఖ్యంగా ఉండేది తోకలో కాదు, గింజలో కూడా కాదు. తొడిమ కింద గింజలు అంటుకుని ఉండే తెల్లటి గుజ్జులో ఉంటుంది. అంటే నేను పులి తోక వెంట్రుక లాగి, పులి కరవలేదని ఐదుగురికీ డబ్బులు వాపసు ఇచ్చానన్నమాట.

పొద్దున లిఫ్ట్ పక్కన అసోసియేషన్ నోటీసు. ‘ఫ్లాట్ల యందు ప్రమాదకర పోపులు నిషేధం.’ దాని కింద ఎవరో పెన్నుతో రాశారు: ‘అన్నా, నారు ఎంత?’ మధ్యాహ్నానికి ఆ ఐదుగురూ ఫోన్ చేశారు. 400 ఇస్తామన్నారు. ఇంకో ఏడుగురు కొత్తవాళ్లు. 402 వాళ్ల వియ్యంకుడు, అవును సంబంధం కుదిరింది, ఆయనకీ రెండు కావాలట. అంతా అడ్వాన్స్ కొట్టేశారు, నేను వద్దంటుంటే వినలేదు. గట్టిగా వద్దనలేదు లెండి.

మిగిలిన నాలుగు కాయల్లో గింజలు తీద్దామని మిద్దె మీదికి పరిగెత్తాను. పదకొండో సంచిలో మొక్క లేదు. మట్టి తడిగా, శుభ్రంగా చదును చేసి ఉంది.

"అదా, పీకేశాను అల్లుడుగారూ. ఆ కాయలు కూడా చెత్తబండికి ఇచ్చేశాను, పిల్లలు తిరిగే ఇల్లు. సంచి ఖాళీగా ఎందుకని మా తేజ గింజలు గుప్పెడు చల్లాను" అన్నారు అత్తగారు, బస్సెక్కుతూ.

పన్నెండో రోజుకే ఒత్తుగా మొలిచాయి. రోజూ పొద్దున, సాయంత్రం వెళ్లి చూస్తున్నాను. నాలుగాకుల వయసులో మిరప నారంతా ఒక్కలాగే ఉంటుంది. పుర్రె బోర్డు తులసికోట వెనకే ఉంది, కాస్త తుడిస్తే చాలు.